స్వేచ్ఛలో ఎవరి ఇచ్ఛ?

కిందటేడు ఆగస్టులో గుంటూరు నుంచి అక్క ఫోన్ చేసింది. పిల్ల బీకాంలో చేరింది, లాప్‌టాప్ కావాలంటోంది, బావ చీటీ పాడాడు. “పాతికవేలు పంపుతాంరా, నువ్వే ఏదో ఒకటి చూసి కొను. అవన్నీ నీకే కదా తెలుసు” అంది.

నిజమే, అవన్నీ నాకే తెలుసని నేనూ అనుకుంటూ ఉంటాను. నేను లినక్స్ వాడబట్టి పదిహేనేళ్లు దాటింది. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకి సీడీలు పోస్టులో పంపేవాళ్లు, పోస్టు ఖర్చు కూడా తీసుకోకుండా. ముక్కూ మొహం తెలియనివాళ్లెవరో సముద్రాల అవతల నుంచి నా పేరు మీద ఒక కవరు పంపారన్న సంగతే అప్పట్లో నాకు పెద్ద విశేషం. 2011లో ఆ సీడీలు ఆపేశారు. నాకు పట్టిన పిచ్చి మాత్రం అలాగే ఉంది.

అందుకని డబ్బు నా ఖాతాలో పడేసరికి నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న “బీకాం చదివే పిల్లకి ఎలాంటి లాప్‌టాప్ కావాలి?” కాదు. “పాతికవేలలో లినక్స్ బాగా నడిచే లాప్‌టాప్ ఏది?” ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలని తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

రెండో ప్రశ్నకి జవాబు వెతకడం భలే సరదా పని, ఒప్పుకోవాలి. కొత్తవాటిలో ఆ ధరకి దొరికేవి చూశాను. చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారు. రేపు నెమ్మదిస్తే పెంచుకునే దారి లేదు. కొన్నిటి మీద “డాస్” అని రాసి కొంచెం తక్కువకి అమ్ముతున్నారు. డాస్ అంటే షాపు భాషలో “ఖాళీది” అని. నిజానికి వాటిలో చాలాసార్లు ఉండేది ఫ్రీడాస్. 1994లో, మైక్రోసాఫ్ట్ తన డాస్‌కి మంగళం పాడబోతోందని తెలిసి, జిమ్ హాల్ అనే ఫిజిక్స్ విద్యార్థి మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అది. కొన్నవాళ్లు దాని మొహం కూడా చూడరు. ఇంటికి తెచ్చిన సాయంత్రమే తెలిసినబ్బాయి ఎవరో వచ్చి దొంగ విండోస్ ఎక్కించి పోతాడు. పంచుకోమని ఇచ్చినదాన్ని ఖాళీ అని పిలిచి చెరిపేసి, పంచుకోకూడదన్నదాన్ని దొంగతనంగా పెట్టుకోవడం మనకి మామూలైపోయింది. దీని మీద విడిగా ఒక వ్యాసం రాయాలి, ఇప్పుడు కాదు.

చివరికి సికిందరాబాద్ సీటీసీకి వెళ్లాను, పాతవాటి కోసం. ఆఫీసులు కొన్నేళ్లు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు అక్కడ ఇటుకల్లా పేర్చి ఉంటాయి. పైగా అప్పుడు ఒక విచిత్రమైన సందర్భం. అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోతుంది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి పైవే కావాలి. ఆరో తరంవి, ఏడో తరంవి, ఇంకా చాలా ఏళ్లు శుభ్రంగా పనిచేయగలిగినవి, ఒక తేదీ పుణ్యాన ముసలివైపోయాయి. మాలాంటివాళ్లకి అది పండగ. ఏడో తరంది ఒకటి 13,000 చెప్పాడు. చేతిలోకి కూడా తీసుకున్నాను. కానీ పక్కనే థింక్‌ప్యాడ్ టీ480 ఉంది, 2018 నాటి మోడల్, ఎనిమిదో తరం, 22,000. దీనికి రెండు బ్యాటరీలు, లోపల ఒకటి, వెనక ఊడదీసుకునేది ఒకటి. ర్యామ్‌కి రెండు స్లాట్లు. కీబోర్డు మీద వేలు పెట్టగానే మనసు లాగేసింది. కొన్నది అందుకే. ఎనిమిదో తరం కావడం నా తెలివి కాదు, తర్వాత అదే పనికొచ్చింది గానీ.

లినక్స్ కోసం లాప్‌టాప్ చూడటమంటే ప్రాసెసర్ చూడటం కాదు, చిల్లర భాగాలు ఎవరివో చూడటం. వైఫై చిప్పు ఇంటెల్‌దైతే నిశ్చింత, బ్రాడ్‌కామ్‌దైతే ఒక ఆదివారం దానికి రాసివ్వాలి. గ్రాఫిక్స్ ఎన్విడియావైతే ఇంకో రకం తంటా. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో ఆ కంపెనీ ప్రస్తావన రాగానే లినస్ టోర్వాల్డ్స్ కెమెరాకేసి మధ్యవేలు చూపించిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. పెన్‌డ్రైవ్‌లో డెబియన్ లైవ్ పెట్టుకుని వెళ్లాను. గుచ్చాను. వైఫై వచ్చింది. పాట పెట్టాను, మోగింది. మూత వేస్తే నిద్రపోయింది, తీస్తే లేచింది. వేలిముద్ర పనిచేయలేదు, పోనీ అనుకున్నాను. బ్యాటరీ సంగతి చూస్తే, కొత్తలో 24 వాట్-అవర్లు పట్టేది ఇప్పుడు 17 దగ్గర ఆగుతోంది, ఫరవాలేదు. షాపతను నన్ను డాక్టర్ని చూసినట్టు చూస్తున్నాడు. “విండోస్ ఒరిజినలే సార్, లైసెన్స్ ఈ బోర్డుకే ఉంది” అన్నాడు. “నాకక్కర్లేదండీ” అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి. “నాకు” అన్నాను చూడండి.

ఇంటికొచ్చి డిస్కు మొత్తం తుడిచి డెబియన్ వేశాను. తెలుగు కీబోర్డు పెట్టాను, ఫాంట్లు పెట్టాను, లిబ్రేఆఫీస్ పెట్టాను. వాల్‌పేపర్‌గా కొండవీడు కొండల ఫొటో. కూడా ఒక ఉత్తరం, అంటే వాట్సాప్‌లో పొడుగాటి మెసేజ్. ఇది నీ సొంత యంత్రం, నిన్ను ఎవరూ గమనించరు, అప్‌డేట్ చేసుకుంటావా చస్తావా అని మెడ మీద కూర్చోరు, లోపలేముందో విప్పి చూసుకునే హక్కు నీకుంది, వగైరా. బదులుగా మేనకోడలు నవ్వు మొహం, దణ్ణం బొమ్మ పంపింది.

ఆ మెసేజ్‌లో మాటల మీద కూడా ఒక పేరా రాశాను. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకే రెండు అర్థాలు, డబ్బివ్వక్కర్లేదని ఒకటి, కట్టిపడేయలేదని ఒకటి. రిచర్డ్ స్టాల్‌మన్ దశాబ్దాలుగా ప్రతి సభలోనూ ఈ చిక్కుముడి విప్పుకుంటూనే ఉన్నాడు. మనకా బాధ లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపేవాళ్లు తమ సంస్థకి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకోగలిగారు. స్వ, ఇచ్ఛ. తన ఇష్టం. ఇంత వివరంగా రాసినవాడికి, “తన” అంటే ఎవరు అన్న అనుమానం రాలేదు.

సంక్రాంతికి గుంటూరు వెళ్లాను. లాప్‌టాప్ బీరువా మీద ఉంది, అక్క కుట్టిన గుడ్డ సంచిలో, దుమ్ము పడకుండా. అంత జాగ్రత్తగా పెట్టారంటేనే అర్థమైపోయింది వాడట్లేదని. అక్కే నోరు జారింది. “అదేదో ట్యాలీ అంటరా, అది ఇందులో రాదంట. నెట్ సెంటర్‌కి పోయి చేసుకొస్తోంది, గంటకి 30 రూపాయలు తీసుకుంటున్నారు. ఆదివారాలు స్నేహితురాలింటికి పోతుంది.”

ట్యాలీ. బీకాం పిల్ల. కాలేజీలో మొదటి ఏడాదే ల్యాబ్‌లో ట్యాలీ మొదలుపెట్టారు. ట్యాలీ విండోస్ మీద నడవడానికి చేసిన సరుకు. మా బావ మిర్చి యార్డు దగ్గర కమీషన్ షాపులో గుమాస్తా. ఆ షాపులో లెక్కలు ట్యాలీలోనే, పక్క షాపులోనూ అంతే. మా ఊరి వైపు అకౌంటెంటు ఉద్యోగమంటే ముందు అడిగే మాట “ట్యాలీ వచ్చా?” అని. ఆ పిల్ల బీకాంలో చేరిందే అందుకు. నేను లాప్‌టాప్ కొనేముందు వైఫై చిప్పు పుట్టుపూర్వోత్తరాలు కనుక్కున్నాను గానీ, “ఏం చదువుతావమ్మా, అందులో ఏం వాడతావు?” అని ఒక్క ఫోన్ చెయ్యలేదు.

“మరి నాకెందుకు చెప్పలేదే?” అని అడిగాను. నేల చూపులు చూస్తూ అంది: “నువ్వు అంత ఇష్టంగా తెచ్చావు కదా మావయ్యా.”

ప్రాక్టికల్స్‌లో వోచర్ ఎంట్రీలు సగమే అయ్యాయట. అదీ నేను తర్వాత అడిగితేనే తెలిసింది.

ఆ రాత్రి డాబా మీద పడుకుని చాలాసేపు ఆలోచించాను. స్టాల్‌మన్ చెప్పే స్వేచ్ఛలు నాలుగు, సున్నా నుంచి లెక్క. ఏ పనికైనా ప్రోగ్రాముని నడుపుకోవడం, దాన్ని చదివి మార్చుకోవడం, నకలు తీసి పంచడం, మార్చిన నకలు పంచడం. నాలుగూ పూసగుచ్చినట్టు ఆ యంత్రంలో పెట్టి ఇచ్చాను. వీటన్నిటికీ ముందు ఉండాల్సింది ఒకటుంది, మావయ్య తెచ్చినదాన్ని “ఇది నాకు పనికిరాదు” అనగలగడం. అది ఆ పిల్లకి లేదు. మొహమాటం అన్న మాటకి ఇంగ్లీషులో సరైన మాట దొరకదంటారు. ఏ సాఫ్ట్‌వేర్ లైసెన్సూ దాని జోలికి పోలేదు. కంపెనీ వాడు కట్టిపడేస్తే తిట్టుకోవచ్చు, కోర్టుకెళ్లొచ్చు, దొంగ కాపీ పెట్టుకోవచ్చు. ప్రేమగా కట్టిపడేసినవాణ్ణి ఏం చేస్తారు? గుడ్డ సంచి కుట్టి బీరువా మీద పెడతారు.

టాగోర్ ‘ఘరే బైరే’ చదివినప్పుడు నాకు నిఖిల్ అంటే గౌరవం, సందీప్ అంటే ఒళ్లుమంట. స్వదేశీ ఊపులో ఉన్న కుర్రాళ్లు వచ్చి నీ సంతలో విదేశీ బట్ట అమ్మకుండా ఆపించమంటే, జమీందారయిన నిఖిల్ ఒప్పుకోడు. బీదవాళ్లకి దొరికే చవక బట్ట అదే, దాని ధర వాళ్లచేత కట్టించడానికి మనమెవరం అన్నది అతని అభ్యంతరం. అలాగని అతను స్వదేశీకి వ్యతిరేకి కాడు. అందరికన్నా ముందే, ఎవరూ చూడకపోయినా, చెక్కితే విరిగిపోయే దేశీ పెన్సిళ్లతో కుస్తీ పడినవాడు. ఆ నవలలో పంచు అని ఒక బీద చిల్లర వ్యాపారి ఉంటాడు. దేశభక్తి పేరుతో అతని సరుకు తగలబెట్టిస్తాడు పక్క జమీందారు. నేను ఇన్నాళ్లూ నిఖిల్ పక్కన నిలబడ్డాననుకున్నాను. తీరా చూస్తే చేతిలో అగ్గిపెట్టె ఉన్నది నాకు, మూట మా బావ చీటీ డబ్బుది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. నా జీతం విండోస్ మీదే వస్తుంది. ఆఫీసువాళ్లిచ్చిన లాప్‌టాప్‌లో రోజుకి తొమ్మిది గంటలు అదే తెరిచి కూర్చుంటాను. ఇంటికొచ్చాక రాత్రి పూట లినక్స్‌లో నా ఆదర్శం నేను నడుపుకుంటాను. అంటే నా బతుకుతెరువు ఒక యంత్రంలో, నా విలువలు ఇంకో యంత్రంలో. రెండు యంత్రాలు కొనుక్కోగలవాడికి ఈ సౌకర్యం ఉంటుంది. ఒక్కటే ఉన్నదానికి నా రెండో యంత్రం లాంటిది కొనిచ్చి, ఇదే నీ బతుకుతెరువు యంత్రం కూడా అన్నాను.

అయితే ఇక్కడితో చేతులు దులుపుకుని, ఆదర్శాలన్నీ డబ్బున్నవాళ్ల వేషాలు అనేస్తే అది ఇంకో రకం బద్ధకం. ఆ మాట అనడం చాలా సులువు, ఈమధ్య ఫ్యాషన్ కూడా. ఒక ప్రాంతంలో లెక్కలు రాసే వృత్తి మొత్తం ఒక కంపెనీ ప్రోగ్రాము మీద ఆధారపడి ఉండటం నాకు ఇప్పటికీ మంచిగా కనిపించదు. ట్యాలీ చెడ్డదని కాదు. వాళ్లు రేపు ధర పెంచితే, దారి మారిస్తే, మిర్చి యార్డులో గుమాస్తా చెయ్యగలిగింది ఏమీ లేదు. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబ్‌లో ఒక ప్రింటరు కాగితం ఇరుక్కుని మొరాయిస్తుంటే, దాని సోర్స్ కోడ్ ఇవ్వమని అడిగి కాదనిపించుకున్నాడు స్టాల్‌మన్. ఆ చిన్న కోపం లోంచే 1983లో గ్నూ ప్రాజెక్టు వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే, నేనింకా అటువైపే. గ్నూక్యాష్ అని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసుకునే ప్రోగ్రాము ఒకటుంది. మర్నాడు పొద్దున్నే, సిగ్గులేకుండా, “ఇది నేర్చుకోకూడదూ?” అని కూడా అన్నాను. “నేర్చుకుంటే యార్డులో ఎవరిస్తారు మావయ్యా ఉద్యోగం?” అంది, కోపంగా కాదు, మామూలుగానే. బహిష్కారం పదిమంది కలిసి చేస్తే ఉద్యమం అవుతుంది. ఒక్క పిల్ల చేస్తే ఉద్యోగం పోతుంది అంతే.

తేడా ఎక్కడుందో నాకు స్టాల్‌మన్‌ని చూస్తేనే తెలుస్తుంది. ఆయన లోపలి ఫర్మ్‌వేర్ దాకా స్వేచ్ఛగా ఉండాలని లిబ్రేబూట్ వేసిన పాత థింక్‌ప్యాడ్ వాడతాడు. కొత్తవి వద్దనుకున్నాడు, సౌకర్యాలు వదులుకున్నాడు. నవ్వేవాళ్లు నవ్వుతారు. కానీ ఆ మాట నిలబెట్టుకోవడానికి అయ్యే ధర ఆయనే కడుతున్నాడు. నిఖిల్ విరిగిపోయే పెన్సిలూ అలాంటిదే. నేను నా మాట నిలబెట్టుకున్నాను, బిల్లు గంటకి 30 చొప్పున నెట్ సెంటర్‌లో మేనకోడలు కట్టింది.

మరి ఇంకొకరి తరఫున ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? దీనికి నాకు దొరికినంతలో మంచి ఉదాహరణ, హాస్యాస్పదంగా, నేనక్కడ వేసిన డెబియనే. స్వేచ్ఛ విషయంలో పట్టుదలకి పేరుపడ్డవాళ్లు. 1997 నుంచి తమకంటూ ఒక సామాజిక ఒడంబడిక రాసుకున్నారు. దాని ప్రకారం స్వేచ్ఛ లేని సరుకు తమ అధికారిక సీడీల్లో ఉండకూడదు. కానీ ఈ కాలం వైఫై చిప్పులు, నేను నిశ్చింత అని చెప్పిన ఇంటెల్‌వి కూడా, కంపెనీ ఇచ్చే మూతపెట్టిన ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోతే లేవవు. కొత్తగా వచ్చినవాడు డెబియన్ వేస్తాడు, వైఫై రాదు, వైఫై రావాలంటే ఫైలు దింపుకోవాలి, దింపుకోవాలంటే వైఫై కావాలి. ఏళ్ల తరబడి ఇదే తంతు. 2022లో వాళ్లు ఓటింగ్ పెట్టుకుని ఆ ఒడంబడికనే సవరించుకున్నారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లు అధికారిక సీడీలోనే ఉంటున్నాయి. వద్దనుకునేవాళ్లు ఆపేసుకునే వీలూ పెట్టారు. సీటీసీలో పెన్‌డ్రైవ్ గుచ్చగానే వైఫై వచ్చిందని మురిసిపోయానే, అది ఈ రాజీ పుణ్యం. దీన్ని దిగజారడం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం, గదిలో లేని మనిషి గురించి, ఆ యంత్రం ముందు ఒంటరిగా కూర్చోబోయే ఎవరో ఒకరి గురించి, గదిలో ఉన్నవాళ్లు ఆలోచించినట్టు అనిపించింది. నేను చెయ్యంది సరిగ్గా అదే.

ఉచితం అన్న మాటని ఆ మెసేజ్‌లో తక్కువ చేసి రాశాను, డబ్బుకి సంబంధించినదని. సంస్కృతంలో దాని అసలు అర్థం తగినది అని. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నీ ఆ ఇంటివే. డబ్బు తీసుకోకపోవడం అన్న అర్థం మనం తర్వాత కలుపుకున్నది. ఎవరికి ఏది తగినదో చూడటం కూడా స్వేచ్ఛలో భాగమేనేమో, నేను రెండిటినీ మరీ దూరంగా కూర్చోబెట్టాను.

కనుమ నాడు కూర్చుని సరిచేశాను. ముందు వైన్ అనే పొర వేసి ట్యాలీని లినక్స్ లోనే నడిపిద్దామని చూశాను, పాత అహం. కొంత నడిచింది. కానీ ఏ అప్‌డేట్‌కి ఏం విరిగినా హైదరాబాద్ నుంచి నేను రావాలి, అంటే మళ్లీ కథ నా చుట్టూనే. మానేశాను. డిస్కుని రెండు చేసి విండోస్ 11 ఎక్కించాను. ఎనిమిదో తరం కాబట్టి మారు మాట్లాడకుండా ఎక్కింది. నెట్‌కి కలపగానే లైసెన్స్ దానంతటదే పలికింది, నాకక్కర్లేదండీ అని నేను తుడిచేసిన ఆ లైసెన్సే. సీటీసీలో ఆ 13,000ది కొని ఉంటే ఈ వెనక్కి వెళ్లే దారి ఇంత సాఫీగా ఉండేది కాదు. నా అభిప్రాయం తప్పయితే ఆమె దాన్ని చెరిపేసుకునే వీలున్న యంత్రం కావాలని అప్పుడు అనుకుని ఉంటే అది వివేకం అయ్యేది. కీబోర్డు నచ్చి కొన్నాను, అదృష్టం.

విండోస్ వచ్చాక అది ముందు తనే లేస్తుంది, అలవాటు. గ్రబ్‌ని మళ్లీ నిలబెట్టాను. ఆన్ చెయ్యగానే నల్ల తెర మీద రెండు పేర్లు, కొన్ని సెకన్లు ఆగుతుంది. పక్కనే కూర్చుని చూసింది.

“పైది తీసేస్తే మళ్లీ కావాలంటే వస్తుందా?” అని అడిగింది.

వస్తుందని చెప్పాను. పెన్‌డ్రైవ్ ఆమె దగ్గరే ఉంచి వచ్చాను.

పోయిన వారం తనే ఫోన్ చేసింది. ఇంకో 8 జీబీ ర్యామ్ ముక్క వేస్తే ఎంతవుతుంది, రెండో స్లాటు ఖాళీగా ఉందట, వెనక మూత తనే తీస్తుందట, వీడియో చూసిందట. ఏది నెమ్మదిస్తోంది, పైదా కిందిదా అని నోటిదాకా వచ్చింది. మూత తీసేముందు బయోస్‌లోకి వెళ్లి లోపలి బ్యాటరీ ఆపమని మాత్రం చెప్పాను.